డాట్ స్టార్‌ను పక్కన పెట్టండి

పాత పుస్తకాలను టైపు చేసి కంప్యూటర్‌కి ఎక్కిస్తున్న మిత్రులారా,

మొన్న ఒక నవల ఫైలులో బ్రాకెట్లలోని పేజీ నంబర్లు తీసేయబోయి ఆరో అధ్యాయంలో సగం తీసేశాం. ఆ ఫైలులో పేరా అంతా ఒకే లైను. తెరిచే బ్రాకెట్, డాట్ స్టార్ (.*, అంటే ఏ అక్షరమైనా ఎన్నిసార్లైనా), మూసే బ్రాకెట్ దొరికినచోట ఖాళీ పెట్టమని, వెతికి మార్చే ప్రోగ్రాం సెడ్‌కి చెప్పాం. (112) దగ్గర అందుకుని (113) దాకా ఊడ్చేసింది. మధ్యనున్న సంభాషణంతా గల్లంతు. ఫైలు మీదే రాసేయమన్నాం గనక పాత ప్రతి కూడా లేదు.

తెలుగులో డాటూ చుక్కే, స్టారూ చుక్కే. ఈ రెండు చుక్కలూ కలిస్తే లైను చివరిదాకా మేసి, గత్యంతరం లేకపోతేనే వెనక్కి వస్తాయి.

“దానికేముంది, ప్రశ్నార్థకం తగిలించండి, వీలైనంత తక్కువ మేసి ఆగుతుంది” అంటున్నారు. నాకు ఒళ్లు మండేది ఈ మాటకే. ఆ సదుపాయం 1994లో పెర్ల్ 5తో వచ్చింది. సెడ్ అంతకు ఇరవై ఏళ్ల ముందుది, చాలాచోట్ల దానికి ఆ సంగతి ఇప్పటికీ పట్టదు. మామూలు సెడ్‌లో అది ఉత్త ప్రశ్నార్థకమే. విమ్ ఎడిటర్‌లో రాసే తీరే వేరు.

సరే, ఆ ప్రశ్నార్థకం పనిచేసేచోటే చూద్దాం. ఒక పేరాలో ముందు (కందుకూరి), నాలుగు వాక్యాల తర్వాత (పే. 45) ఉన్నాయి. పేజీ సూచనే పోవాలని తెరిచే బ్రాకెట్, డాట్ స్టార్ ప్రశ్నార్థకం, ఆపైన ‘పే.’, అంకెలు, మూసే బ్రాకెట్ రాశారనుకోండి. కోత కందుకూరి దగ్గరే మొదలవుతుంది! వెతుకులాట ఎడమవైపు మొదటి బ్రాకెట్‌నే పట్టుకుంటుంది. ఎక్కడ ఆగాలో చెప్పే ప్రశ్నార్థకానికి ఎక్కడ మొదలెట్టాలో చెప్పే శక్తి లేదు. అరకొర వైద్యం నేర్పి ఫైళ్లు అప్పగించేవాళ్లదే ఈ పాపం.

ఏమైనా కాదు, ఏది కాకూడదో రాయండి. డాట్ స్టార్ బదులు [^()]* పెట్టండి. బ్రాకెట్ కాని అక్షరాలు ఎన్నైనా అని దానర్థం. గ్రెప్, సెడ్, పెర్ల్, పైథాన్ నాలుగింటికీ తెలిసిన మాటే. కందుకూరి పక్కనున్న బ్రాకెట్‌ను అది దాటలేదు. బ్రాకెట్లో బ్రాకెట్ వస్తేనో అంటారా? మన పుస్తకాల్లో ఎక్కడొచ్చిందో చూపించి అడగండి.

సోమవారం నుంచి డాట్ స్టార్ ఉన్న మార్పిడి ఏ ఫైలు మీదా నడపొద్దు. ఏ మార్పిడైనా ముందు ప్రతి తీసి, తగిలే ముక్కలను గ్రెప్‌తో బయటికి తెచ్చి, రెండో మనిషికి చూపించాకే నడపాలి.

ఆరో అధ్యాయం మళ్లీ టైపు చేయడానికి ఇద్దరు కావాలి. స్కాన్ పేజీలు నా దగ్గరున్నాయి.