రెండో సెట్టు పెట్టించే ముందు

వాక్యభాగము: లూకా 12:16–21, ద్వితీయోపదేశకాండము 24:19–21



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మన సంఘంలోని ఒక సహోదరుడు మమ్మల్ని ఆపి అడిగారు: "అయ్యగారూ, డాబా మీద సోలారు రెండో సెట్టు పెట్టిద్దామనుకుంటున్నాం. మీకూ ఉంది కదా, ఏమంటారు?" గుమ్మంలో నిలబడి చెప్పే జవాబు కాదు గనుక ఇక్కడ రాస్తున్నాము. ఈ ఎండాకాలం అదే ప్రశ్న మా ఇంట్లోనూ వచ్చింది. మేము మొదట చెప్పుకున్న జవాబు తప్పు.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం సూర్యఘర్ పథకం తెచ్చింది. కిలోవాటుకు 30,000 చొప్పున రెండు కిలోవాట్ల వరకు, మూడో కిలోవాటుకు 18,000, మొత్తం 78,000 రూపాయల రాయితీ. మేము మూడు కిలోవాట్లు పెట్టించుకున్నాము. మన సత్తెనపల్లి ఎండ సంగతి మీకు చెప్పాలా! కిలోవాటుకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. రెండో నెలకే బిల్లు దాదాపు ఏమీ లేకుండా పోయింది. మందిరంలో నిలబడి సాక్ష్యం కూడా చెప్పాము.

తరువాత ఏం జరిగిందంటే, కరెంటు ఊరికే వస్తోంది కదా అని మా చేతులు వదులయ్యాయి. ముందు గీజరు. ఆ తరువాత హాల్లో ఏసీ. అత్తగారు వచ్చారని ఇంకో గదిలో ఏసీ. గ్యాసు ఎందుకని ఇండక్షన్ పొయ్యి. ఎవ్వరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతున్నా లేచి ఆపేవాళ్ళు లేరు. మే నెలలో బిల్లు మళ్ళీ పాత దారి పట్టింది. సరిగ్గా అప్పుడే సెట్టు పెట్టిన అతను ఫోన్ చేసి, "ఇంకో మూడు కిలోవాట్లు వేసేద్దాం సార్, నిశ్చింతగా ఉంటారు" అన్నాడు. మేము సరేనన్నాము.

ప్రియులారా, సరే అనేముందు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగారు. మేము ఆలస్యంగా కూర్చున్నాము.

మొదటిది, కేంద్ర రాయితీ మూడు కిలోవాట్ల దగ్గరే ఆగిపోతుంది. ఆ పైన మీరెంత వేసినా ప్రతి రూపాయి మీదే. రెండోది, పాత ఇన్వర్టరు కొత్త భారం మోయగలదో లేదో చూడాలి. పాత పలకల వరుసలోనే వేరే రకం కొత్తవి కలిపితే, బలహీనమైనది వరుస మొత్తాన్ని వెనక్కి లాగుతుంది. కాబట్టి కొత్తవాటికి వేరే వరుస, అవసరమైతే వేరే ఇన్వర్టరు ఉండాలి. మూడోది, కరెంటు ఆఫీసులో దరఖాస్తు చేసి అనుమతి తీసుకోకుండా డాబా మీద పలకలు పెంచకూడదు. మిగిలిన యూనిట్లు అమ్ముకుని లాభపడదామని అనుకునేవారు కూడా ముందు ధర అడగండి. పై శ్లాబులో మన దగ్గర తీసుకునే ధర, మన మిగులుకు ఇచ్చే ధర ఒకటి కావు.

నాలుగోది చాలామందికి తెలియనిది. బ్యాటరీ లేని సోలారు, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. నెత్తిన ఎండ మండుతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. లోపం కాదది. బయట స్తంభమెక్కి పనిచేస్తున్న లైన్‌మన్‌కు మన ఇంటి కరెంటు తగలకుండా అలా చేశారు. ఇది తెలిసిన రోజు మేము కాసేపు మౌనంగా కూర్చున్నాము. రెండు సెట్లు కాదు, పది సెట్లు పెట్టినా ఈ ఏర్పాటులో మన వెలుగు పొరుగువాడి ప్రాణంతో ముడిపడే ఉంటుంది.

ఇక ఆ ధనవంతుని సంగతి. అతని పొలం బాగా పండింది. పండడం పాపం కాదు. యోసేపు కూడా ఐగుప్తులో కొట్లు కట్టించి ఏడేళ్ళ పంట దాచాడు, దేవుడే ఆ జ్ఞానమిచ్చాడు. మరి తేడా ఎక్కడ? యోసేపు కొట్లు కరవులో తెరుచుకున్నాయి. ఈ ధనవంతుడు మాత్రం తనతో తానే మాట్లాడుకున్నాడు. అతని లెక్కలో నా పంట, నా కొట్లు, నా ప్రాణం తప్ప ఇంకో మనిషి లేడు. మా డైనింగ్ టేబుల్ మీద మేము వేసుకున్న లెక్క కాగితంలో కూడా ఇంకో మనిషి లేదు.

ఆ మనిషి ఎవరో ఆ వారమే మాకు గుర్తొచ్చింది. మేము సాక్ష్యం చెప్పిన ఆదివారమే మన సంఘంలో కుట్టుపని చేసుకుని పిల్లల్ని చదివించుకునే ఒక విధవరాలు మా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, అది మాకు కూడా వస్తదా?" అని అడిగింది. "వస్తుందమ్మా, దరఖాస్తు పెట్టుకో" అన్నాము. అని మరచిపోయాము. ఇన్ని నెలల తరువాత మేము రెండో సెట్టు గురించి మాట్లాడుకుంటుంటే ఆమెకు మొదటిదే లేదు. కారణం చిన్నది. కరెంటు సర్వీసు ఇంకా చనిపోయిన భర్త పేరు మీదే ఉంది. ఆ పేరు మార్పించే దారి ఆమెకు తెలియదు. ఆఫీసులో ఎవరిని అడగాలో చెప్పేవారు లేరు.

మేము సిగ్గుపడ్డాము. అందుకే ఈ మాట రాసే ధైర్యం చేస్తున్నాము.

ఇంట్లో ముందు ఒక వారం రోజులు పొద్దున, సాయంత్రం మీటరు రీడింగు నోటుబుక్కులో రాశాము. గీజరు, రెండో ఏసీ, ఊరికే తిరిగే ఫ్యాన్లు, అన్నీ బయటపడ్డాయి. డాబా ఎక్కి చూస్తే పలకల మీద వేలితో పేరు రాసేంత దుమ్ము. ఎప్పుడు కడిగామో గుర్తులేదు. తెల్లవారుజామున, పలకలు చల్లగా ఉన్నప్పుడు కడిగాము. యూనిట్లు పెరిగాయి. మాకు కావలసిన రెండో సెట్టులో కొంత భాగం ఆ దుమ్ము కిందే ఉంది! ప్రార్థన జీవితం కూడా ఇంతే కదా. ఇచ్చిన కృప మీద దుమ్ము పేరనిచ్చి, ఇంకో కృప కావాలని అడుగుతాము.

కాబట్టి మా అభిప్రాయం ఇది. ఇంట్లో మంచాన పడినవారుండి మిషను ఆగకూడదంటే, ఇంటి కరెంటుతో జీవనోపాధి నడుస్తుంటే, కుటుంబం నిజంగా పెరిగితే, పెట్టించుకోండి. బ్యాటరీ కావాలో లేదో కూడా అప్పుడే అడగండి. అది అవిశ్వాసం కాదు, బుద్ధిగల కన్యకలు నూనె సిద్ధంగా ఉంచుకున్నట్టే. కానీ పెరిగిన అలవాటును మోయడానికే అయితే ఆగండి. ఆ అలవాటు రెండో సెట్టును కూడా తినేసి మూడోది అడుగుతుంది.

పొలంలో మరచిన పనను తిరిగి తెచ్చుకోవద్దని, అది పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాలికి ఉండాలని దేవుడు ధర్మశాస్త్రంలో చెప్పాడు. ఆ పరిగె వల్లనే రూతు బ్రతికింది. పత్తి చేలో ఆఖరి తీత, మిరప చేలో ఆఖరి ఏరుడు పేదవాళ్ళకు వదిలిన పెద్దలు మనకు తెలుసు. డాబా మీద పండే ఈ ఎండ పంటకు మాత్రం పరిగె ఉండొద్దా? మనకు ఉన్న పరిగె డబ్బు మాత్రమే కాదు. ఫారం నింపడం తెలియడం, ఆఫీసు మెట్లెక్కే ధైర్యం, ఫోనులో చదవగలగడం, ఇవన్నీ పరిగెలే.

ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్లు ఉచితంగా, బీసీలకు కేంద్ర రాయితీ మీద మరో 20,000 ఇస్తామని మన రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మన సంఘంలో ఎంతమందికి ఇది తెలుసు? ఇంట్లో చదువుకున్న పిల్లలున్నవారు ఒక్కొక్కరు ఒక్కో కుటుంబం దరఖాస్తు బాధ్యత తీసుకోండి.

మేము రెండో సెట్టు వద్దని ఫోన్ చేసి చెప్పాము. రెండు రోజులు ఆ సహోదరితో కలిసి ఆఫీసుకు తిరిగి పేరు మార్పు కాగితాలు ఇచ్చి వచ్చాము. ఆమె డాబా మీదికి పలకలు ఇంకా రాలేదు. వచ్చిన రోజున సాక్ష్యం ఆమే చెబుతుంది, మేము కింద కూర్చుని వింటాము.

పరలోకపు తండ్రీ, నీవు నీతిమంతుల మీద, అనీతిమంతుల మీద ఒకేలా ఉదయింపజేసే సూర్యుని మేము మా డాబాకే కట్టేసుకోకుండా కాపాడు. ఉన్నదాన్ని శుభ్రంగా ఉంచుకునే బుద్ధిని, పొరుగు ఇంటి చీకటిని చూసే కన్నులను మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.