ఆరోగ్యవంతులకు హాని లేదన్న అపోహ

చిన్న బృందాలలో సాగే గెస్టాల్ట్, మానవతావాద చికిత్సల విషయంలో ఒక అభిప్రాయం బలంగా నాటుకుపోయింది. అవి రోగులకోసం ఏర్పడినవి కావు గనుక, వ్యక్తిత్వ వికాసం కోరి తమంతట తాము వచ్చే ఆరోగ్యవంతులకు వాటివల్ల మేలు జరిగినా జరగకపోయినా కీడు మాత్రం జరగదని, అక్కడ ఎంతగా ఏడిస్తే, ఎంతగా కోపం వెళ్లగక్కితే అంతగా ఎదిగినట్టేనని ఆ అభిప్రాయ సారాంశం. ఇందులో మొదటి మాట అబద్ధం, రెండోది ప్రమాదకరం.

మనసు దేనినైనా విడిభాగాలుగా కాక ఒక సమగ్ర రూపంగా గ్రహిస్తుందన్న జర్మన్ మనోవిజ్ఞాన భావన నుంచి గెస్టాల్ట్ చికిత్స తన పేరు తీసుకుంది. దాని స్థాపకులలో ఒకరైన ఫ్రిట్జ్ పెర్ల్స్ 1960ల మధ్యనుంచి కాలిఫోర్నియా తీరంలోని ఎసాలెన్ సంస్థలో నడిపిన శిబిరాలలో, బృందం చూస్తూ ఉండగా ఒక్కరు ముందుకు వచ్చి ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చునేవారు. ఆ కుర్చీలో చనిపోయిన తండ్రి ఉన్నాడనుకుని, ఆయన బతికుండగా అనలేకపోయినది అని, తర్వాత తానే ఆ కుర్చీలోకి మారి తండ్రిగా బదులు చెప్పడం ఈ ప్రక్రియ. అప్పటిదాకా స్థిరంగా ఉన్న గొంతు కుర్చీ మారగానే వణకడం, మాట మధ్యలో ఆగిపోవడం ఇక్కడ మామూలే. ఈ ప్రక్రియకు శక్తి ఉందనడంలో సందేహం లేదు. మానని పాత గాయాల విషయంలో ఇది ఉపకరిస్తుందని కెనడాలో లెస్లీ గ్రీన్‌బర్గ్, ఆయన సహచరులు చేసిన పరిశోధనలు చూపాయి. అయితే వారు దానిని వారాల తరబడి సాగే చికిత్సలో, చికిత్సకుడిమీద నమ్మకం కుదిరాక వాడారు. రెండు రోజుల శిబిరానికి ఆ ఫలితాలను సాక్ష్యంగా చూపడం న్యాయం కాదు.

ఆరోగ్యవంతులకు హాని జరగదన్న వాదాన్ని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జరిగిన అధ్యయనం నిలువునా కూల్చింది. మోర్టన్ లీబర్‌మన్, ఇర్విన్ యాలొమ్, మాథ్యూ మైల్స్ దాదాపు 200 మంది విద్యార్థులను 18 బృందాలలో చేర్చి, గెస్టాల్ట్ సహా వేర్వేరు పద్ధతులలో 30 గంటల చొప్పున నడిపించి, నెలల తర్వాత కూడా పరీక్షించి, 1973లో ఫలితాలను పుస్తకంగా ప్రకటించారు. ఆ విద్యార్థులలో 16 మందికి నెలల తర్వాత కూడా కొనసాగిన మానసిక హాని జరిగింది. వారు చికిత్స కోరి ఆసుపత్రికి వచ్చినవారు కారు, చదువుకుంటున్న యువతీయువకులు. అంతకన్నా కలవరపెట్టేది మరొకటి: ఎవరు దెబ్బతిన్నారో నిర్వాహకులు సరిగా గుర్తించలేకపోయారు, తోటి సభ్యులు గుర్తించగలిగారు. నిలదీస్తూ, రెచ్చగొడుతూ, తమ ఆకర్షణశక్తితో బృందాన్ని ఊపే నిర్వాహకుల దగ్గరే హాని ఎక్కువగా జరిగింది. ఆదరణ చూపుతూ, జరిగినదానికి అర్థం వివరించేవారి దగ్గర మేలు ఎక్కువ జరిగింది. ఒకే పద్ధతి పేరు చెప్పుకున్న ఇద్దరు నిర్వాహకుల మధ్య కూడా భూమ్యాకాశాల అంతరం కనబడింది గనుక, తప్పు గెస్టాల్ట్‌ది కాదు, ఉద్వేగాన్నే ఫలితంగా లెక్కగట్టే అలవాటుది.

నొప్పి లేకుండా ఎదుగుదల ఉండదని, వచ్చినవారు తెలిసే వచ్చారని సమర్థకులు అంటారు. కానీ శిబిరంలో కలిగే బాధ వేరు, నెలలు గడిచినా తగ్గని కుంగుబాటు వేరు. పైగా తన బలహీనత ఎక్కడుందో తెలియని మనిషి ముందుగా ఇచ్చే సమ్మతికి విలువ తక్కువ. మనిషి మరొకరితో నిజంగా కలవాలంటే ముందు తగిన ఆధారం ఉండాలని ఈ చికిత్స సహస్థాపకురాలు లోరా పెర్ల్స్ నొక్కిచెప్పిన మాటను, భర్త ప్రదర్శనల వెలుగులో చాలామంది పక్కకు నెట్టేశారు.

వారాంతపు వ్యక్తిత్వ వికాస శిబిరాలకు రుసుము కట్టే తెలుగువారు కూడా అడగవలసిన ప్రశ్నలు ఇవే: చేర్చుకునేముందు ఎవరు మాట్లాడతారు, మధ్యలో ఆపమంటే ఆపుతారా, ఇంటికి వెళ్లాక మనసు కుదుటపడకపోతే ఎవరిని కలవాలి. వీటికి జవాబు చెప్పలేని నిర్వాహకుడి చేతిలో ఎవరూ తమ మనసును పెట్టకూడదు.