మైళ్ళూ, ఏళ్ళూ

మన వాట్సాప్ గ్రూపుల్లో పాత కార్ల ప్రకటనలు చూస్తూనే ఉంటారు కదా. "సింగిల్ ఓనర్, లో మైల్స్, మా ఆవిడ ఆఫీసుకి తప్ప తిప్పలేదు." చదివినవాడు వెంటనే ఫోన్ చేస్తాడు. కొన్నేళ్ళ క్రితం వరకూ నేనూ చేసేవాణ్ణే. అసలు అలాంటి కారే మా గరాజ్‌లో ఒకటుండేది, దాన్ని చూసుకుని మురిసిపోయేవాణ్ణి కూడా.

2005 అకార్డ్, ఆరు సిలిండర్లది. కొత్తప్పుడే కొన్నాం. మా ఆవిడ ఆఫీసు ఇంటికి నాలుగు మైళ్ళు. పదహారేళ్ళు గడిచినా 78 వేల మైళ్ళు దాటలేదు. 2021లో అమ్మాయి కాలేజీకి వెళ్తుంటే ఆ కారే ఇద్దామనుకున్నాం. ఇంటి నుంచి మూడు గంటల దారి, దాదాపు అంతా హైవేనే. ఇచ్చేముందు ఒకసారి చూపిద్దామని మాకు అలవాటైన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను.

"టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చావు?" అన్నాడు.

"అది లక్షా అయిదు వేల మైళ్ళకి కదా, ఇంకా చాలా టైముంది" అన్నాను, మాన్యువల్ చదివినవాడి ధీమాతో.

అతను ఏమీ అనలేదు. గ్లవ్ బాక్సులోంచి ఆ మాన్యువలే తీసి, పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించాడు. 1,05,000 మైళ్ళు లేదా ఏడేళ్ళు, ఏది ముందైతే అది. నేను మొదటి అంకె దగ్గరే ఆగిపోయానన్నమాట. రెండో లెక్క ప్రకారం ఆ బెల్టు గడువు 2012లోనే తీరిపోయింది.

ఆ బెల్టు పళ్ళున్న ఒక రబ్బరు పట్టీ. పిస్టన్లు పైకి వచ్చే వేళకి వాల్వులు అడ్డు తప్పుకునేలా రెంటినీ కలిపి తిప్పేది అదే. మా కారు ఇంజన్‌లో అది తెగితే పిస్టన్లు వెళ్ళి వాల్వులని గుద్దుతాయి, ఇక ఇంజన్ మీద ఆశ వదులుకోవడమే. డబ్బు సంగతి తర్వాత. డెబ్భై మైళ్ళ వేగంతో వెళ్తుండగా ఇంజన్ ఆగిపోతే స్టీరింగ్ బరువెక్కిపోతుంది, నాలుగైదుసార్లు తొక్కేసరికి బ్రేకూ గట్టిపడిపోతుంది, పక్క లేన్లో ట్రక్కులు. తొమ్మిదేళ్ళుగా మా ఆవిడని, పిల్లని ఆ కారులో పంపిస్తున్నాను. పైగా "జాగ్రత్త, సీటు బెల్టు పెట్టుకోండి" అని చెప్పి మరీ.

(అదే ఏడు అకార్డే, నాలుగు సిలిండర్లదైతే బెల్టు కాదు, గొలుసు. దానికి ఇలాంటి గడువు లేదు. మీ బండిలో ఏదుందో ఒకసారి చూసుకోండి.)

ఇంటికొచ్చి విషయం చెబితే మా ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "వాడకుండా అటక మీద పెట్టిన కుక్కర్ గ్యాస్కెట్ మాత్రం బాగుంటుందా? ఎండిపోయి ఊరుకుంటుంది" అంది. ఇరవై ఏళ్ళుగా మాన్యువళ్ళు చదువుతున్న నాకు తట్టనిది ఆమెకి వంటింట్లోంచే తెలుసు.

ఆ రాత్రి కూర్చుని మాన్యువల్ మొత్తం మళ్ళీ చదివాను, ఈసారి ఏళ్ళ లెక్కతో. బ్రేక్ ఫ్లూయిడ్ మూడేళ్ళకోసారి మార్చాలట, కారు కదిలినా కదలకపోయినా. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది కాబట్టి. ఇక ఇంజన్ ఆయిలు దగ్గర అసలు దెబ్బ తగిలింది. కష్టమైన వాడకం ఉంటే ఆయిలు తొందరగా మార్చమని రాసి, ఏది కష్టమో కింద చెప్పాడు. ఎడారులు, కొండలు, వెనక బండి కట్టుకుని లాగడం అనుకున్నాను. ఆ జాబితాలో ఇంకొకటుంది: ఒక్కో ట్రిప్పు అయిదు మైళ్ళ లోపుంటే, గడ్డకట్టే చలిలో పది మైళ్ళ లోపుంటే. ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తాం కనక లోపల చేరిన నీటి ఆవిరి బయటికి పోదు, ఆయిల్లోనే ఉండిపోతుంది. నాలుగు మైళ్ళ ఆఫీసు, ఒహాయో చలికాలం. మేం సుఖంగా ఉందనుకున్న కారు పదహారేళ్ళుగా కష్టపడుతూనే ఉంది. ఆ వాట్సాప్ ప్రకటనలో గొప్పగా చెప్పుకునేది ఈ సంగతే.

బెల్టూ, దానితో తిరిగే వాటర్ పంపూ కలిపి మార్పించాను. అక్కడిదాకా విప్పాక పంపు వదిలేస్తే, అది కారినప్పుడు అదే కూలీ మళ్ళీ ఇచ్చుకోవాలి. వెయ్యి డాలర్ల దాకా అయింది. అమ్మితే మహా అయితే నాలుగు వేలొచ్చే కారుకి వెయ్యి ఎందుకని ఆఫీసులో ఒకాయన లెక్క చెప్పాడు. నా లెక్క కారు ధరతో కాదు. ఆ వెయ్యితో మా అమ్మాయికి ఇంకో కారు వస్తుందా, రాదు.

పాత బెల్టు అడిగి తెచ్చుకున్నాను. దాన్ని చూస్తే జాలేసింది, ఎక్కడా చిన్న పగులు కూడా లేదు. "ఇంకో అయిదేళ్ళు వచ్చేదేమో కదా?" అన్నాను. మెకానిక్ భుజాలెగరేసి, "రావచ్చు. వీటిని చూసి చెప్పలేం" అన్నాడు. ఆ మాట నిజాయితీగా అనిపించింది. ఇలాంటిచోట పాత భాగం చూపించి భయపెట్టి డబ్బు లాగేవాళ్ళనీ చూశాను.

అమ్మాయి బయల్దేరే ముందురోజు గరాజ్‌లో ఒక నోటుబుక్కు చేతికిచ్చాను. ఏ పని చేయించినా ఒక గడిలో మైళ్ళు, పక్క గడిలో తేదీ. అలాగే టైరు పక్కన డాట్ అనే అక్షరాల తర్వాత వరసగా వచ్చే అంకెల్లో చివరి నాలుగూ చూడమన్నాను. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. నేను ఎప్పుడూ నాణెం గుచ్చి గాడి లోతు చూసేవాణ్ణి. గాడి బాగానే ఉంది, అంతటితో ఆగేవాణ్ణి.

తను మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్ లైటు వేసి చదివింది. "మూడు నాలుగు ఒకటి నాలుగు."

2014, ముప్ఫై నాలుగో వారం. నేను మనసులో లెక్క వేసుకుంటున్నాను.

"నాన్నా, ఇవి నేను సిక్స్త్ గ్రేడ్‌లో ఉన్నప్పటివి" అంది.

మర్నాడు పొద్దున ప్రయాణం మధ్యాహ్నానికి మారింది. టైర్ల షాపు తొమ్మిదింటికి గానీ తెరవరు.