పెట్రోలు మోడల్ విమానాలు: డ్రోన్ చట్టం కంటికి ఆనని పనివాళ్లు

2022 ఏప్రిల్‌లో ఉక్రెయిన్ రక్షణ శాఖ ఒక వీడియో విడుదల చేసింది. కూల్చిన రష్యా నిఘా డ్రోన్ ఓర్లాన్-10ను బల్ల మీద పెట్టి, ఒక్కో భాగం విప్పి చూపించారు. లోపల దుకాణంలో దొరికే కానన్ కెమెరా. ఇంధన ట్యాంకుకు నీళ్ల సీసా మూత. సోషల్ మీడియా పడీపడీ నవ్వింది. నవ్విన వాళ్లలో చాలామంది దాని ముక్కు దగ్గరున్న ఇంజన్‌ను పట్టించుకోలేదు. అది జపాన్ కంపెనీ సైతో తయారు చేసే చిన్న పెట్రోలు ఇంజన్. ఆదివారం పూట మైదానంలో రేడియో కంట్రోల్ విమానాలు ఎగరేసుకునే వాళ్ల కోసం చేసిన వస్తువు.

ఆ తర్వాత ఇలాంటివి వరసగా బయటపడుతూనే ఉన్నాయి. రష్యా 2024 నుంచి వాడుతున్న గెర్బెరా అనే చవక డ్రోన్‌లో చైనాలోని యునాన్ రాష్ట్రంలో తయారయ్యే డీఎల్ఈ మోడల్ ఇంజన్ ఉన్నట్టు ఉక్రెయిన్ సైనిక నిఘా సంస్థ చెప్పింది. నురుగు, ప్లైవుడ్‌తో చేసిన ఈ గెర్బెరాలే 2025 సెప్టెంబర్‌లో పోలండ్ గగనతలంలోకి చొరబడి నాటో యుద్ధ విమానాలను పైకి లేపాయి. ఇక ఇరాన్ షాహెద్-136లో ఉన్నది సుమారు 50 హార్స్ పవర్ టూ స్ట్రోక్ ఇంజన్. జర్మనీకి చెందిన లింబాక్ కంపెనీ ఇంజన్‌ను విప్పి, చూసి, అచ్చుగుద్దినట్టు చేసుకున్నది. విప్పడం, చూడటం, మళ్లీ చేయడం. ఈ మూడు పనుల గురించే ఈ వ్యాసం.

అదే సెప్టెంబర్‌లో మన పౌర విమానయాన శాఖ డ్రోన్ల మీద ఒక ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయానికి పెట్టింది. 2021 ఆగస్టు నాటి డ్రోన్ నిబంధనలు ఉదారమైనవి. 25 కిలోల లోపు బరువుతో, చదువు, పరిశోధన, వినోదం కోసం కంటిచూపు మేరలో ఎగరేసే వాటిని 'మోడల్' అని విడిగా గుర్తించాయి. వాటికి టైప్ సర్టిఫికేట్ అక్కర్లేదన్నాయి. తయారు చేయడానికి కూడా అక్కర్లేదన్నాయి. కొత్త ముసాయిదా తయారీ, కూర్పు, అమ్మకం దశల్లోనే ఆ సర్టిఫికేట్ అడుగుతోంది. పోలీసులకు తనిఖీ, స్వాధీనం చేసుకునే అధికారాలిస్తోంది. జైలు శిక్షల మాటా ఎత్తుతోంది. స్టార్టప్ కంపెనీలు వెంటనే అభ్యంతరం చెప్పాయి. వాళ్లకు లాయర్లు, సంఘాలు ఉన్నాయి. కారు షెడ్డులో బాల్సా చెక్క, ప్లైవుడ్ ముందేసుకుని నెలల తరబడి ఒక విమానం కట్టే మనిషి తరఫున మాట్లాడేవాళ్లు మాత్రం పెద్దగా కనబడలేదు. నష్టపోయేది అతనొక్కడే అయితే అదో చిన్న విషయం.

అతను చేసే పని ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం. ఈ తరహాలో 50 సీసీ ఇంజన్ మధ్యస్థం. కిలోన్నర బరువు, ఐదు హార్స్ పవర్ పైచిలుకు, 22-23 అంగుళాల ప్రొపెల్లర్. అది లాగే విమానం ఎనిమిది తొమ్మిది కిలోలుంటుంది, రెక్కల నిడివి ఏడడుగులు. 100 సీసీకి వెళ్తే విమానం పన్నెండు కిలోలు దాటవచ్చు. ఇంత ఇంజన్ ఎక్కడి నుంచి వచ్చిందనుకుంటున్నారు? గడ్డి కోసే మిషన్ల నుంచి, చెట్లు నరికే రంపాల నుంచి. జపాన్ జెనోవా కంపెనీ ఇంజన్లు ఆ దారిలోనే మోడల్ విమానాల ముక్కు మీదికి చేరాయి. మన పల్లెల్లో రైతు భుజానికి తగిలించుకునే బ్రష్ కట్టర్, పెట్రోలు స్ప్రేయర్ వీటికి అన్నదమ్ముల బిడ్డలే. పెట్రోల్లో కొలిచి ఆయిల్ కలపడం, తాడు లాగడం, ప్లగ్ తీసి గీకడం మన రైతుకు తెలిసినవే.

రంపాన్ని ఎటు తిప్పినా ఆగకుండా నడవాలి. అందుకే దాని కార్బురేటర్‌లో స్కూటర్‌లో ఉన్నట్టు ఫ్లోట్ ఉండదు. పల్చని డయాఫ్రమ్ పొర ఉంటుంది. పిస్టన్ కదలికతో క్రాంక్‌కేస్‌లో పుట్టే ఒత్తిడి హెచ్చుతగ్గులు ఆ పొరను ఆడించి పెట్రోలు లాగుతాయి. తలకిందులుగా ఎగిరే విమానానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ ఆ పొర గట్టిపడితే ఇంజన్ మొరాయిస్తుంది. కార్బురేటర్‌కు రెండు సూదులుంటాయి, ఒకటి తక్కువ వేగానికి, ఒకటి ఎక్కువ వేగానికి. పెట్రోలు పాలు తక్కువైతే ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే పొగ, నల్లబడ్డ ప్లగ్. నేల మీద బాగా పలికిన ఇంజన్ ముక్కు పైకెత్తగానే గొంతు మార్చవచ్చు. దీన్ని సరిచేయడానికి చెవి కావాలి. ఆ చెవి పుస్తకం చదివితే రాదు.

మెకానిజం ఇక్కడితో అయిపోదు. సింగిల్ సిలిండర్ టూ స్ట్రోక్ అదురు మామూలుది కాదు. స్క్రూలన్నీ మెల్లగా విప్పేస్తుంది, సర్వో మోటార్ల గేర్లను అరగదీస్తుంది. స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ పెట్టె రేడియో రిసీవర్‌కు పడని పొరుగు. అందుకే ప్లగ్ టోపీ నుంచి వైరు దాకా లోహపు తొడుగు వేస్తారు, రెండింటినీ వీలైనంత దూరంగా పెడతారు, బ్యాటరీలు వేరువేరుగా ఇస్తారు. సిగ్నల్ తెగితే ఇంజన్ దానంతటదే ఆగేలా ఇగ్నిషన్ కట్ ఆఫ్ పెడతారు. నేల మీద నలుగురు దూరంగా నిలబడి దాన్ని పరీక్షించాకే ఎగరేయడం ఈ పనిలో మొదటి నీతి. ఆ ప్రొపెల్లర్ వేళ్లను లెక్కచేయదు.

ఇక రిపేరు. కూలని మోడల్ విమానం లేదు. కూలినప్పుడు ముందుగా చితికేది ఇంజన్ బిగించిన ప్లైవుడ్ గోడ. దాన్ని తీసి కొత్తది అతికించి, ఫైబర్ గుడ్డ, ఎపాక్సీతో బలపరుస్తారు. విరిగిన రెక్కల ఎముకలను బాల్సాతో మళ్లీ కోస్తారు. ఇంజన్‌ను మాత్రం వెంటనే నమ్మరు. డయల్ గేజ్ పెట్టి క్రాంక్ షాఫ్ట్ వంగిందా అని చూస్తారు, బేరింగ్ వేలితో తిప్పి చప్పుడు వింటారు. కూలిన వస్తువును చదవడం అంటే ఇది. డ్రోన్ కంపెనీలు ఇలాంటి వాళ్ల కోసమే వెతుకుతుంటాయి.

ఈ అలవాటు నుంచే పరిశ్రమలు పుట్టిన సంగతి చరిత్రలో ఉంది. హాలీవుడ్ నటుడు రెజినాల్డ్ డెన్నీ మోడల్ విమానాల దుకాణం నడిపేవాడు. ఆ పిచ్చి లోంచే రేడియోప్లేన్ కంపెనీ వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి వేల సంఖ్యలో టార్గెట్ డ్రోన్లు అందించింది. (ఆ ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఫొటోగ్రాఫర్ కంటబడిన అమ్మాయే తర్వాత మార్లిన్ మన్రో అయ్యింది. ఈ కథలో ఇంజన్ కంటే ఆమే అందరికీ గుర్తుంటుంది.) ప్రిడేటర్ డ్రోన్‌కు మూలపురుషుడిగా చెప్పే అబ్రహాం కారెమ్ కూడా మోడల్ విమానాల మనిషే. కాలిఫోర్నియాలో తన ఇంటి గ్యారేజీలోనే మొదలుపెట్టాడు.

మనకు ఈ సంప్రదాయం లేదని కాదు. కలకత్తాలో 'అరోరా' పేరుతో చిన్న మోడల్ డీజిల్ ఇంజన్లు తయారయ్యేవి. ఈథర్, కిరోసిన్, ఆముదం కలిపి నడిపేవారు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ పిల్లలకు ఏరోమోడలింగ్ ఇప్పటికీ పోటీ అంశమే. రక్షణ సంస్థలు కూడా ప్రయత్నించాయి. నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్, డీఆర్‌డీవో ప్రయోగశాలలు కలిసి రూపొందించిన వాంకెల్ రోటరీ ఇంజన్‌తో నిశాంత్ డ్రోన్ 2009 ఏప్రిల్‌లో కోలార్ దగ్గర ఎగిరింది. అప్పటిదాకా దానికి వాడింది విదేశీ ఇంజన్. అది చిన్న విజయం కాదు. కానీ సైన్యం తీసుకున్న నాలుగు నిశాంత్‌లూ కూలిపోయి 2015 నాటికి ఆ పథకమే ముగిసింది. పథకంతోపాటు పనివాళ్ల అనుభవం కూడా చెల్లాచెదురు కావడం మన దగ్గర కొత్త కాదు.

ఇప్పటి పరిస్థితి చూడండి. హైదరాబాద్‌లో కూర్చే దృష్టి-10 డ్రోన్ ఇజ్రాయెల్ హెర్మెస్-900కు మన రూపం. ఆ తరగతి డ్రోన్ గుండె ఆస్ట్రియాలో తయారయ్యే రోటాక్స్ ఇంజన్. 2020లో నగోర్నో-కరబాఖ్ యుద్ధంలో తన ఇంజన్లున్న టర్కీ డ్రోన్లు కనబడగానే రోటాక్స్ మాతృసంస్థ కొన్ని దేశాలకు ఎగుమతులు ఆపేసింది. 2023 సెప్టెంబర్ నుంచి చైనా కూడా కొన్ని రకాల డ్రోన్ ఇంజన్ల ఎగుమతికి లైసెన్సు పెట్టింది. మనం 2022 ఫిబ్రవరిలో తయారైన డ్రోన్ల దిగుమతిని నిషేధించాం, విడిభాగాలకు తలుపు తెరిచే ఉంచాం. 2021లో ప్రకటించిన 120 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం జాబితాలో ఇంజన్లూ ఉన్నాయి. అయినా డబ్బు, దృష్టి బ్యాటరీ క్వాడ్‌కాప్టర్ల మీదికే పోయాయి. వాటితో పొలానికి మందు కొట్టొచ్చు, పెళ్లి వీడియో తీయొచ్చు. వందల కిలోమీటర్లు పోవాలంటే లెక్క మారుతుంది. కిలో పెట్రోల్లో దాదాపు 12,000 వాట్ అవర్ల శక్తి ఉంటే, కిలో లిథియం బ్యాటరీ ఇచ్చేది 250 లోపే. టూ స్ట్రోక్ ఎంత వృథా చేసినా ఆ తేడా పూడదు.

2025 మే 8 రాత్రి పాకిస్తాన్ 36 చోట్లకు 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన సైన్యం ప్రకటించింది. ఆ సంఖ్యను చూసి మనం కూల్చే వ్యవస్థల గురించే మాట్లాడుకున్నాం. అన్ని చవగ్గా తయారు చేయడం గురించి మాట్లాడుకోలేదు.

విచిత్రం ఏమిటంటే, టూ స్ట్రోక్ విద్య మన దగ్గర ఒకప్పుడు వీధి వీధికీ ఉండేది. లూనా, బజాజ్ స్కూటర్, ఆర్ఎక్స్ 100. పోర్టింగ్ చేసి పికప్ పెంచే మెకానిక్ ప్రతి ఊళ్లోనూ ఒకడుండేవాడు. కాలుష్య నిబంధనలు ఆ బళ్లను తీసేశాయి. అది సరైన పనే, ఆ పొగ ఎవరికీ వద్దు. కానీ ఆ చేతులను ఇంకోచోట వాడుకునే ఆలోచన ఎవరూ చేయలేదు. దానికి తోడు ఇప్పుడు బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాల్లోని తేమను పీలుస్తుంది, పాత రకం రబ్బరును, ఆ డయాఫ్రమ్ పొరను పాడుచేస్తుంది. మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గినట్టే ఇంజన్ ప్రవర్తిస్తుంది కాబట్టి సూది కూడా మళ్లీ సరిచేయాలి. కారు కంప్యూటర్ ఆ పని తానే చేసుకుంటుంది. మోడల్ ఇంజన్‌కూ, రైతు బ్రష్ కట్టర్‌కూ ఆ కంప్యూటర్ లేదు.

భద్రత సంగతి కొట్టిపారేయలేం. 2021 జూన్‌లో జమ్మూ వైమానిక స్థావరం మీద డ్రోన్లతో బాంబులు వేశారు. 2018 జనవరిలో సిరియాలోని రష్యా స్థావరాల మీదికి వచ్చిన 13 డ్రోన్లు చెక్క, టేపుతో కట్టినవే. పన్నెండు కిలోల విమానం అదుపు తప్పి జనంలో పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి మైదానం, రిజిస్ట్రేషన్, బీమా, పోలీసులకు సమాచారం అన్నీ ఉండాలి. అయితే హైదరాబాద్‌నే తీసుకోండి. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ చుట్టూ ఎనిమిది కిలోమీటర్ల వృత్తాలు గీస్తే అనుమతి అడగకుండా ఎగరేయగల నేల ఎంత మిగులుతుంది? చట్టబద్ధంగా ఎగరేసే చోటు చూపకుండా శిక్షలు పెంచితే, నియమం పాటించేవాడే ముందు మానేస్తాడు. చాటుగా కట్టేవాడు సర్టిఫికేట్ కోసం ఎలాగూ రాడు.

టైప్ సర్టిఫికేట్ అంటే ఒక నమూనాను పరీక్షించి, అదే నమూనాలో వందలు చేసుకోమని ఇచ్చే పత్రం. ఫ్యాక్టరీకి అది సబబే. ఒక్కటే కట్టి, కూల్చి, మార్చి, మళ్లీ కట్టేవాడికి నమూనా అనేదే ఉండదు. ప్రతి రిపేరు తర్వాతా అది కొత్త విమానమే. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల పోటీ విమానానికీ, ఎన్‌సీసీ షెడ్డులోని విమానానికీ ఇదే వర్తిస్తుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఓర్వకల్లులో 300 ఎకరాల్లో డ్రోన్ సిటీ అంటోంది. అందులో రన్‌వే పక్కన ఓ పదెకరాలు మోడల్ విమానాలకు వదిలి, ఒక ఇంజన్ టెస్ట్ బెంచి, ఇథనాల్ కలపని పెట్రోలు పీపా పెడితే పెద్ద ఖర్చు కాదు. ఐటీఐ కుర్రాడు అక్కడ సూది తిప్పడం నేర్చుకోవచ్చు. కేంద్రం చేయాల్సింది ఇంకా తక్కువ. 2021 నిబంధనల్లో ఉన్న 'మోడల్' నిర్వచనాన్నీ, దానికిచ్చిన మినహాయింపునూ బిల్లు తుది రూపంలోకి యథాతథంగా తెస్తే చాలు. ఆ వాక్యం ఇప్పటికే రాసి ఉంది.