ఖరగ్‌పూర్‌లో ఎవరి వృద్ధి?

పదకొండో పంచవర్ష ప్రణాళిక (2007–12) తొలి సంపుటికి మన పాలకులు పెట్టుకున్న పేరు 'సమ్మిళిత వృద్ధి'. ప్రణాళికా సంఘం పోయి నీతి ఆయోగ్ వచ్చినా ఆ మాటకు మాత్రం కాలం చెల్లలేదు. దాని అర్థం తెలుసుకోదలచినవారు సాలువా నుంచి ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల దాకా ఒకసారి నడిచి రావాలి.

సాలువాలో వాయుసేన స్థావరం ఉంది, ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ బ్యారక్‌లు ఉన్నాయి. అక్కడి గూర్ఖా కుటుంబాలకు తరతరాలుగా ఆ దళమే ఆధారం. పట్టణంలోకి వస్తే బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగువారి వారసులు కనిపిస్తారు. వర్క్‌షాపు, లోకో షెడ్డు, పట్టాల గ్యాంగు వారికి కూడు పెట్టాయి. భాషలు వేరైనా అందరికీ యజమాని సర్కారే.

1991 జూలైలో ఒక తెలుగు ప్రధాని హయాంలో లైసెన్సుల సంకెళ్లు తెగాయి. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కొన్ని వారాల దిగుమతులకు మించి విదేశీ మారకం లేని దేశానికి అప్పుడు వేరే దారి లేదు. నా అభ్యంతరం ఆ తరువాత జరిగినదాని మీద.

1990–91లో రైల్వే మోసిన సరుకు సుమారు 32 కోట్ల టన్నులు. 2022–23 నాటికి అది 150 కోట్లు దాటింది. అదే కాలంలో రైల్వే ఉద్యోగుల సంఖ్య పదహారున్నర లక్షల నుంచి పన్నెండు లక్షల చేరువకు దిగింది. ఆవిరి యంత్రాలు పోయాయి, విద్యుదీకరణ వచ్చింది, పట్టాల మరమ్మతుకు యంత్రాలు దిగాయి. కొంత తగ్గుదల సహజమే. కానీ బోగీలు ఊడ్చే పని, దుప్పట్లు ఉతికే పని, వంట పని ఏ యంత్రమూ మింగలేదు. అవి గుత్తేదారు చేతికి వెళ్లాయి. పని సర్కారుదే, లాభనష్టాల లెక్క సర్కారుదే, చీపురు పట్టిన మనిషి మాత్రం సర్కారు మనిషి కాడు! దీన్ని మార్కెట్ వైపు ప్రయాణమని ఎలా అంటారు? యజమాని కదలకుండా తన పూచీని మాత్రం పక్కవాడి మీదికి నెట్టడం ఇది.

పాత వ్యవస్థను నేను ఆకాశానికెత్తడం లేదు. తండ్రి స్వచ్ఛందంగా విరమిస్తే కొడుక్కి కొలువు దక్కే పథకం 2004లో భద్రతా విభాగాల సిబ్బందికి మొదలైంది. రాజ్యాంగంలోని సమానావకాశ సూత్రానికి అది విరుద్ధమని పంజాబ్, హర్యానా హైకోర్టు ఆక్షేపించింది, 2018లో దాన్ని ఎత్తివేశారు. సబబే. రైల్వే కుటుంబంలో పుట్టనివాడు చేసిన పాపమేమిటి? అయితే వారసత్వపు తలుపు మూసినప్పుడు ప్రతిభ తలుపు తెరిచి ఉండాలి కదా. 2019లో ప్రకటించిన లక్షకు పైగా గ్రూప్ డి పోస్టులకు కోటికి మించి దరఖాస్తులు వచ్చాయి. పరీక్ష 2022లో గాని జరగలేదు. మూడేళ్లు నిరీక్షించగలిగిన ఇల్లు ఏ గ్యాంగ్‌మన్‌ది?

ప్రైవేటు రంగం ఆదుకుంటుందన్నారు. ఖరగ్‌పూర్ చుట్టూ ఇనుము, యంత్రభాగాల కర్మాగారాలు వచ్చిన మాట నిజం. పట్టణం అంచునే 1951 నుంచి ఐఐటీ ఉంది. ఆ ప్రాంగణంలో చదివినవారికి సంస్కరణలు ప్రపంచాన్నే తెరిచాయి. గోడకు ఇవతలి రైల్వే క్వార్టర్ల పిల్లలకు తెరిచింది గుత్తేదారు హాజరు పుస్తకం. రెండూ ఒకే వృద్ధి రేటులో కలిసిపోయి పత్రికల్లో ఒకే శాతంగా అచ్చవుతాయి.

ఇక పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో, శాసనసభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, తెలుగుకు అధికార భాషా గుర్తింపునిచ్చింది. సంతోషించాను, దాచుకోను. ఖర్చు లేని గౌరవాన్ని పంచడంలో మన ప్రభుత్వాలన్నీ ఉదారమైనవే.

ఒప్పంద కార్మికుల నియంత్రణకు 1970లో తెచ్చిన చట్టం, గుత్తేదారు కూలి ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించాలని చెప్పింది. ఆ మాట ఎంతమంది కూలీల చెవిన పడింది? ప్రతి టెండరులో మనిషికి రాసిన రోజు కూలి ఎంత, భవిష్యనిధికి జమ ఎంత, ఎగ్గొడితే ఫిర్యాదు ఎవరికి అన్న మూడు వివరాలను వర్క్‌షాపు గేటు మీద బెంగాలీ, హిందీ, తెలుగు భాషల్లో అంటించమనండి. రైల్వే కేంద్రానిది, భాషా గుర్తింపు రాష్ట్రానిది అంటూ ఇద్దరూ తప్పుకుంటారేమో. ఒక కాగితానికి ఇద్దరి అనుమతీ అవసరమైతే, ఇద్దరినీ అడుగుదాం.