మాట మార్చినవారు, మార్పించినవారు

ప్రమాణం చేసి కోర్టులో అబద్ధం చెబితే ఏడేళ్ల దాకా జైలు, పది వేల దాకా జరిమానా. భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ చెబుతున్నదిది. మరణశిక్ష పడే నేరంలో ఒకరిని ఇరికించడానికి అబద్ధమాడితే యావజ్జీవం పడవచ్చు. ఆ సాక్ష్యంతో అమాయకుడు ఉరికంబం ఎక్కితే, చెప్పినవారికీ ఉరి పడవచ్చు. ఇంత కఠినమైన చట్టం ఉన్నా సాక్షులు అడ్డం తిరుగుతూనే ఉన్నారు.

1999లో ఢిల్లీలో జరిగిన జెస్సికా లాల్ హత్యనే చూడండి. కీలక సాక్షి, నటుడు షయన్ మున్షీ. పోలీసులు అతని ఫిర్యాదును హిందీలో రాసుకున్నారు. తనకు హిందీ రాదని అతను కోర్టులో చెప్పాడు. సాక్షులు ఒకరి తర్వాత ఒకరు జారిపోయారు. 2006 ఫిబ్రవరిలో నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు. దేశం మండిపడింది. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పును తిరగేసి ప్రధాన నిందితుడు మను శర్మకు యావజ్జీవం విధించింది. మున్షీపైనా, తుపాకీ గుళ్ల నిపుణుడు ప్రేమ్‌సాగర్ మనోచాపైనా కూటసాక్ష్యం కేసు నడపాలని హైకోర్టు చెప్పేసరికి 2013 వచ్చింది. హత్య జరిగి అప్పటికి పద్నాలుగేళ్లు!

ఈ జాప్యానికి చట్టంలోనే ఒక కారణం ఉంది. కూటసాక్ష్యంపై బాధితులు నేరుగా కేసు పెట్టలేరు. ఆ అబద్ధం విన్న కోర్టో, దాని పైకోర్టో ఫిర్యాదు రాయాలి. అదీ న్యాయ ప్రయోజనానికి అవసరమనిపిస్తేనే. కక్షతో పెట్టే కేసులను ఆపడానికి ఈ అడ్డు ఉండాల్సిందే.

కూటసాక్ష్యం కేసులో నిందితుడికి దొరికే రక్షణలూ తక్కువేం కాదు. తాను చెప్పేది అబద్ధమని తెలిసే చెప్పినట్టు రుజువు కావాలి. మతిమరుపు, పొరపాటు నేరం కావు. పోలీసు స్టేషన్‌లో ఇచ్చిన వాంగ్మూలం ప్రమాణం మీద ఇచ్చింది కాదు కాబట్టి, కోర్టులో దానికి భిన్నంగా మాట్లాడినంత మాత్రాన కూటసాక్ష్యం అయిపోదు. మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి చెప్పిన మాట తప్పితే మాత్రం చిక్కే. ఇక నిపుణుడు చెప్పేది అభిప్రాయం. 2016లో సుప్రీంకోర్టు మనోచాను ఆ కేసు నుంచి తప్పించింది ఈ దృష్టితోనే.

భయపడి అబద్ధం చెప్పినవారి మాటేమిటి? ఇక్కడే చట్టం కటువుగా ఉంది. అప్పటికప్పుడు చంపేస్తారన్న భయం ఉంటేనే న్యాయ సంహిత 32వ సెక్షన్ కాపాడుతుంది. రాత్రి ఇంటికొచ్చి బెదిరించి వెళితే, మర్నాడు బోనెక్కిన సాక్షికి ఆ రక్షణ వర్తించడం కష్టం. ఊళ్లో సాక్షికి ఎదురయ్యేది చాలావరకు రెండో రకం భయమే.

గుజరాత్‌లో 2002లో 14 మందిని బలిగొన్న బెస్ట్ బేకరీ కేసులో కీలక సాక్షి జహీరా షేక్ పదేపదే మాట మార్చింది. 2006లో సుప్రీంకోర్టు ఆమెకు ఏడాది జైలు, యాభై వేల జరిమానా విధించింది. ఆ శిక్ష కోర్టు ధిక్కారానికి. ఆమె చేతికి డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో తేల్చమని ఆదాయపు పన్ను శాఖకూ చెప్పింది. సరైన ప్రశ్న అదే. ఇంకో కేసులో, అత్యాచారం జరిగిందని ఫిర్యాదు చేసి కోర్టులో కాదన్న మధ్యప్రదేశ్ మహిళకు అక్కడికక్కడే మూడు నెలల జైలు పడింది; 2008లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆమె ఎందుకు మాట మార్చిందో, వెనక ఎవరున్నారో కూపీ లాగకుండా వేసే ఇలాంటి శిక్ష సగం న్యాయమే.

నిజానికి సాక్షిని బెదిరించి అబద్ధం చెప్పించినవాడికీ ఏడేళ్ల దాకా జైలు వేసే సెక్షన్ 2006 నుంచే ఉంది, ఇప్పుడది న్యాయ సంహితలో 232. దాని కింద పోలీసులు కోర్టు ఫిర్యాదు కోసం ఆగకుండా నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టవచ్చని 2025లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రాష్ట్రాలు సాక్షుల రక్షణ పథకాన్ని నోటిఫై చేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 398వ సెక్షన్ ఆదేశిస్తోంది. కాబట్టి సాక్షి మాట మార్చిన రోజునే ప్రాసిక్యూటర్ లేచి, విచారణకు ముందు ఆ సాక్షిని ఎవరు కలిశారో, ఎవరు ఫోన్ చేశారో తేల్చాలని కోర్టును అడగాలి. సాక్షిపై ఫిర్యాదు రాయాలా వద్దా అన్నది ఆ వివరాలు చేతికొచ్చాకే కోర్టు నిర్ణయించాలి.