ఓటు అక్కడ... లెక్క ఇక్కడ!

అమెరికా అధ్యక్షుణ్ని ఎన్నుకునే హక్కు మనకు లేదు. కానీ ఆయన విదేశాంగ విధానం మాత్రం బందరు వీధుల దాకా నడిచొస్తుంది. మరి ఆ అభ్యర్థుల్ని ముస్లింలు ఏ త్రాసులో తూస్తారు?

నాలుగేళ్లకోసారి నవంబరు మొదట్లో ఓ మంగళవారం అమెరికాలో ఓట్లు పడతాయి. బుధవారం పొద్దున్నే ఇక్కడ మన టీవీల ముందు హడావుడి మొదలవుతుంది. గుడివాడలోనో ఉయ్యూరులోనో అబ్బాయి అమెరికాలో ఉన్న ఇల్లయితే మొదటి ప్రశ్న ఒకటే... 'వీసాల సంగతేంటి?'

అదే బందరులో, పెద్దకొడుకు కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న ముస్లిం ఇంట్లో అడిగే ప్రశ్న వేరు... 'యుద్ధమేమీ రాదు కదా?'

మొదటి ప్రశ్నని మనం బతుకుతెరువు అంటాం. రెండోదాన్ని మాత్రం 'వాళ్ల మతం కాబట్టి ఆ దేశాల వైపు చూస్తారులే' అని తేల్చేస్తాం. నిజానికి ఆ చూపులో మతం ఒక పాలే. జీతం ఉంది, ఇంటికి రావలసిన డబ్బుంది, ఇంకా చాలా పాత జ్ఞాపకం ఉంది. ఆ జ్ఞాపకం అమెరికా అనే దేశం పుట్టకముందు నాటిది!

ఖుత్బాలో ఇరాన్ రాజు

'బందర్' అంటే పారశీకంలో ఓడరేవు. ఇరాన్‌లో ఉన్నది బందర్ అబ్బాస్. మనది ఉత్త బందరు. 'కలంకారీ'లోని కలమూ కారీ కూడా ఆ భాష నుంచి వచ్చినవే. గోల్కొండ ఏలిన కుతుబ్‌షాహీలు షియాలు. ఇరాన్‌లోని సఫావీ రాజులూ షియాలే. 17వ శతాబ్దంలో బందరు రేవు నుంచి అద్దకం బట్టలు ఓడలెక్కి పారశీకానికి వెళ్లేవి. హజ్‌కి వెళ్లేవాళ్లూ ఈ రేవు నుంచే ఎర్రసముద్రం దారి పట్టేవాళ్లు. పారశీక వర్తకులు ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు.

ఇంకో విశేషం వినండి. గోల్కొండ రాజ్యంలో శుక్రవారం నమాజుకి ముందు చదివే ఖుత్బాలో ఇరాన్ షా పేరు వినిపించేది. మొగలు చక్రవర్తి షాజహాన్‌కి ఇది నచ్చలేదు. 1636లో గోల్కొండ నవాబు మెడలు వంచి, ఆ పేరు తీయించి, తన పేరు చేర్పించాడు. మొగలు దర్బారు ఒత్తిడి చేస్తే గోల్కొండ మసీదుల్లో ప్రసంగం మారిపోయింది. పెద్దరాజ్యం పంతం చిన్న ఊళ్లోకి ఎలా వస్తుందో ఈ తీరానికి అప్పుడే తెలుసన్నమాట.

విల్సన్ మాట... వెంకయ్య జెండా

ఇక అమెరికా అధ్యక్షుడి మాటని మన దేశంలోని ముస్లింలు చెవులు రిక్కించి విన్న సందర్భం 1918. మొదటి ప్రపంచయుద్ధం ముగింపుకి వస్తోంది. జనవరిలో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ 14 సూత్రాలు ప్రకటించాడు. అందులో 12వది టర్కీ గురించి. ఒట్టోమన్ సామ్రాజ్యంలో టర్కులు ఉండే ప్రాంతాలకి సార్వభౌమత్వం ఉంటుందనీ, ఆ సామ్రాజ్యం కింద ఉన్న మిగతా జాతులు తమంతట తాము ఎదిగే వీలు కల్పించాలనీ దాని సారాంశం. టర్కీ సుల్తానే ముస్లిం ప్రపంచానికి ఖలీఫా. కాబట్టి ఖిలాఫత్ నాయకులు 'విల్సన్ ఇలా అన్నాడు కదా' అని బ్రిటిష్‌వాళ్లని నిలదీశారు.

చివరికి ఏమైంది? 1920 ఆగస్టులో సెవ్రే ఒప్పందంతో టర్కీని ముక్కలు చేశారు. దానిమీద అమెరికా సంతకం లేదు. అయితేనేం, విల్సన్ ఇచ్చిన భరోసా గాలికి పోయింది.

ఆ కోపం మన దగ్గర సహాయ నిరాకరణతో కలిసింది. 1921లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టి, బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన పింగళి వెంకయ్య అక్కడే గాంధీజీకి జెండా నమూనా అందించారు. ఎరుపు హిందువులకి, ఆకుపచ్చ ముస్లింలకి గుర్తు. ఎక్కడో టర్కీలో మొదలైన బాధ ఇక్కడ అందరి పోరాటంలో కలిసిన రోజులవి. ఆ రెండు రంగుల జతకి అర్థం అదే.

'మాట వేరు, చేత వేరు' అన్న తొలిపాఠం అలా వచ్చింది. తర్వాతి వందేళ్లలో అదే పాఠం మళ్లీ మళ్లీ చదవాల్సొచ్చింది.

ఈసారి ఇటు... మరోసారి అటు

అమెరికాలోనే ఉండి, ఓటున్న ముస్లింల సంగతి చూద్దాం. ప్యూ పరిశోధన సంస్థ 2017లో వేసిన లెక్క ప్రకారం ఆ దేశంలోని ముస్లింలంతా కలిపి 34.5 లక్షలు. అంటే నూటికి ఒక్కరు. అందులోనూ అందరూ అరబ్బులు కారు. ఐదోవంతు నల్లజాతివాళ్లు. మన ఉపఖండం నుంచి వెళ్లినవాళ్లూ ఎక్కువే. ఇంతమంది ఒకే మాట మీద ఉంటారనుకోవడం మన పొరపాటు.

2000 సంవత్సరంలో ఏం జరిగిందో గుర్తుచేసుకుంటే ఆశ్చర్యమేస్తుంది. ఆ అక్టోబరులో ప్రధాన ముస్లిం సంఘాల వేదిక ఒకటి జార్జ్ బుష్‌కి మద్దతు ప్రకటించింది. అవును, బుష్‌కే! ఆయన అప్పట్లో అమెరికా అణకువగా ఉండాలన్నాడు. అరబ్ అమెరికన్లపై రహస్య సాక్ష్యాలతో కేసులు పెట్టడం తప్పన్నాడు. ఏడాది తిరక్కుండానే సెప్టెంబరు 11 దాడులు. తర్వాత అఫ్ఘానిస్థాన్ మీద యుద్ధం, 2003 మార్చిలో ఇరాక్ మీద యుద్ధం. 2004 వచ్చేసరికి ముస్లిం సంఘాలు షరతులు పెట్టి మరీ జాన్ కెర్రీ వైపు తిరిగాయి.

2008లో ఒబామా వచ్చాడు. 2009 జూన్ 4న కైరో విశ్వవిద్యాలయంలో 'అస్సలాము అలైకుం' అని పలకరించాడు. ముస్లిం దేశాలతో కొత్త ఆరంభం కావాలన్నాడు. 2015లో ఇరాన్‌తో అణు ఒప్పందం కుదరడానికి ముఖ్య కారకుడయ్యాడు. కానీ పాకిస్థాన్ కొండల్లో, యెమెన్‌లో డ్రోన్ దాడులు ఆయన హయాంలోనే పెరిగాయి. సలామూ ఆయనదే, డ్రోనూ ఆయనదే!

2015 డిసెంబరులో డొనాల్డ్ ట్రంప్ అభ్యర్థిగా ఉండగానే ముస్లింలని అమెరికాలోకి రానివ్వకూడదన్నాడు. గెలిచాక 2017 జనవరి 27న ఏడు ముస్లిం దేశాలవాళ్ల రాకపై నిషేధం పెట్టాడు. కోర్టులు అడ్డుకోగా రెండుసార్లు మార్చి, చివరికి 2018లో సుప్రీంకోర్టులో నెగ్గించుకున్నాడు. 2021 జనవరి 20న బైడెన్ కుర్చీ ఎక్కిన రోజే దాన్ని ఎత్తేశాడు. మరి ముస్లింలు బైడెన్ వెంటే ఉండిపోయారా? లేదు.

2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలైంది. ఇజ్రాయెల్‌కి ఆయుధాలు ఆపమని అడిగితే బైడెన్ వినలేదని అరబ్, ముస్లిం ఓటర్లు మండిపడ్డారు. 2024 ఫిబ్రవరి 27న మిషిగన్ ప్రైమరీలో లక్షమందికి పైగా 'ఎవరికీ కట్టుబడలేదు' అన్న గడి మీద ఓటు వేశారు. ఆ రాష్ట్రంలో 2016లో ట్రంప్ గెలిచిన ఆధిక్యం పదకొండువేల లోపే. పోల్చి చూస్తే ఆ నిరసన బరువెంతో తెలుస్తుంది. నవంబరులో, అరబ్బులు అధికంగా ఉండే డియర్‌బోర్న్ పట్టణంలో ట్రంప్‌కి మొదటి స్థానం దక్కింది. కమలా హారిస్ రెండో స్థానానికి పడిపోయారు. గ్రీన్ పార్టీ అభ్యర్థి జిల్ స్టెయిన్‌కీ చెప్పుకోదగ్గ ఓట్లు వచ్చాయి. ఒకే పట్టణం, ఒకే దుఃఖం... ఓట్లు మాత్రం మూడు దారులు!

'నిషేధం పెట్టినవాడికి ఓటెలా వేశారు?' అని చాలామంది ముక్కున వేలేసుకున్నారు. వాళ్ల లెక్క వాళ్లకుంది. యుద్ధాలు ఆపిస్తానన్న మాటని కొందరు నమ్మారు. కొందరు బైడెన్ పార్టీని శిక్షించాలనుకున్నారు. ఇంకొందరికి పిల్లల చదువులూ ధరలే ముఖ్యం. ఆ తర్వాతైనా లెక్క తేలిందా అంటే అదీ లేదు. 2025 జూన్‌లో 12 దేశాల మీద ప్రవేశ నిషేధం వచ్చింది. అదే నెలలో ఇరాన్ అణు కేంద్రాల మీద అమెరికా బాంబులు పడ్డాయి. అక్టోబరులో ఆయన మధ్యవర్తిత్వంతోనే గాజాలో కాల్పుల విరమణ కుదిరింది. జమా, ఖర్చు రెండూ ఒకే ఖాతాలో ఉన్నాయి.

ఒకే ఇంట్లో రెండు అభిప్రాయాలు

తెలుగునాటా ఈ రెండు ముఖాలూ కనిపిస్తాయి. 2006 మార్చి 3న బుష్ హైదరాబాద్ వచ్చాడు. వ్యవసాయ విశ్వవిద్యాలయం చూశాడు, ఐఎస్‌బీలో విద్యార్థులతో మాట్లాడాడు. ఆ రోజు ముస్లిం సంఘాలూ వామపక్షాలూ నగరంలో నిరసనలు తెలిపాయి. అదే పర్యటనలో హైదరాబాద్‌కి అమెరికా కాన్సులేట్ ఖాయమైంది. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అది మొదలైంది. నిజాం కాలపు నవాబుల మహల్ అది! 2023లో నానక్‌రాంగూడకి మారేదాకా వీసా కోసం ఆ గేటు ముందు నిలబడ్డవాళ్లలో పాతబస్తీ కుర్రాళ్లు ఎందరో. షికాగోలో హైదరాబాదీ ముస్లింల కుటుంబాలు దశాబ్దాలుగా ఉన్నాయి. తండ్రికి ఇరాక్ యుద్ధం మీద కోపం, కొడుక్కి కాలిఫోర్నియా మీద కోరిక. రెండూ నిజమే. ఆ దేశపు తుపాకీని తిట్టేవాళ్లు ఆ దేశపు బడిని మెచ్చుకోకూడదని ఎక్కడుంది?

హైదరాబాద్‌లో 1964లో పుట్టిన గజాలా హష్మీ కథ ఇక్కడ చెప్పుకోవాలి. నాలుగేళ్ల వయసులో తల్లితో అమెరికా వెళ్లారు. సాహిత్యం చదివి, దాదాపు మూడు దశాబ్దాలు పాఠాలు చెప్పారు. 2017 నాటి నిషేధం చూశాక, ఈ దేశంలో తనకు చోటుందా అన్న ప్రశ్న ఆమెని రాజకీయాల్లోకి నడిపించింది. 2019లో వర్జీనియా సెనేట్‌కి, 2025 నవంబరులో ఆ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్‌ పదవికి గెలిచారు. అమెరికాలో రాష్ట్రస్థాయి పదవికి ఎన్నికైన తొలి ముస్లిం మహిళ ఆమే. భయపడి తలుపేసుకోకుండా పోటీలో నిలబడ్డారు. అదీ ఒక ముస్లిం దృక్పథమే మరి!

చెరువు గట్టు మీద అదే ప్రశ్న

ఓటున్నవాళ్లు ఓటుతో జవాబిస్తారు. ఓటు లేని బందరు మాటేమిటి?

1990 ఆగస్టు 2న సద్దాం సేనలు కువైట్‌లోకి చొరబడ్డాయి. అక్కడున్న మనవాళ్లు లక్షా డెబ్బైవేల మందికి పైగా. జోర్డాన్ ఎడారి దాటి అమ్మాన్ చేరితే, అక్కణ్నించి ఎయిరిండియా విమానాలు మోసుకొచ్చాయి. కట్టుబట్టలతో దిగినవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. గల్ఫ్‌లో ఇళ్లపని చేయడానికి గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి వెళ్లే ఆడవాళ్లలో క్రైస్తవులూ హిందువులూ ముస్లింలూ అందరూ ఉంటారు. యుద్ధం వస్తే వాళ్ల జీతం ఆగడానికి మతం అడ్డురాదు.

అమెరికా ఆంక్షల వల్ల 2019 మే నుంచి ఇరాన్ చమురు కొనడం మన దేశం ఆపేసింది. ఒకప్పుడు బందరు ఓడలు వెళ్లిన తీరంతో అలా ఇంకో పోగు తెగింది. గల్ఫ్‌లో ఉద్రిక్తత పెరిగితే చమురు ధర ఎగురుతుంది. డీజిల్ ధర పెరిగితే గిలకలదిండి హార్బర్‌లో పడవ వేటకెళ్లాలా వద్దా అని ఆలోచిస్తుంది. దివిసీమ చెరువుల మీద ఏరియేటర్ తిప్పే ఇంజను ఖర్చూ పెరుగుతుంది.

ఇంకా సూటిగా చెప్పాలంటే 2025 ఆగస్టు చూడండి. అమెరికా మన సరుకుల మీద ముందు 25 శాతం సుంకం వేసింది. రష్యా దగ్గర చమురు కొంటున్నామని ఆ నెల 27 నుంచి ఇంకో 25 శాతం బాదింది. మన రొయ్యకి పెద్ద కొనుగోలుదారు ఆ దేశమే. నాగాయలంక రైతుకీ ఉక్రెయిన్ యుద్ధానికీ సంబంధమేమిటి? ఏమీ లేదు. అయినా చెరువు గట్టు మీద కౌంట్ల వారీ ధరలు పడిపోయాయి. మరుసటి నెలలోనే కొత్త హెచ్1బీ వీసాకి లక్ష డాలర్ల రుసుము అన్నారు. గుడివాడ ఇల్లూ ఉలిక్కిపడింది.

ఆ రోజుతో దివిసీమ రైతు, గుడివాడ తండ్రి, బందరు ముస్లిం ఇల్లు... ముగ్గురి ప్రశ్నా ఒకటైంది. 'మేం వేయని ఓటుకి మేమెందుకు కట్టాలి?' ఈ ప్రశ్న ముస్లిం ఇళ్లు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నాయి. మనమే దానికి మతం రంగు పూసి పక్కనబెట్టాం.

తర్వాతి ఎన్నిక 2028 నవంబరు 7న. అభ్యర్థులు మళ్లీ శాంతి మాటలు చెబుతారు. ఒకరు సలాం చేస్తారు, ఒకరు నమస్కారం పెడతారు. దీపావళికి దీపం, రంజాన్‌కి ఇఫ్తార్ విందు... అన్నీ ఉంటాయి. వినండి, తప్పు లేదు. కానీ విల్సన్ నుంచి నేటి దాకా ఈ తీరం నేర్చుకున్న కొలత ఒకటుంది. ఎవరి మాట తియ్యగా ఉందని కాదు... ఎవరి హయాంలో మన పిల్లలు క్షేమంగా ఇంటికి ఫోన్ చేశారని! ఆ కొలతకి పాస్‌పోర్టు అక్కర్లేదు, మతమూ అక్కర్లేదు.